ఓడ మల్లయ్య జీతమెంత?

పోయిన ఆదివారం పొద్దున హుస్సేన్ సాగర్ ఒడ్డున కూర్చుని ఉండగా అన్న ఒక మాట అన్నాడు. "వాణ్ణి సొంత తమ్ముడనుకున్నాన్రా. తమ్ముడెవడైనా వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టి వెళ్లిపోతాడా?"

నీళ్ల మీద పిల్లల పడవలు తిరుగుతున్నాయి. ఆప్టిమిస్ట్ అంటారు వాటిని. ఎనిమిది అడుగులు కూడా ఉండవు, పడవకొకరే, తెరచాప ఒకటే. ఆషాఢం గాలికి ఒకటి బోల్తా పడింది. అందులోని పాప ఈదుకుంటూ చుట్టూ తిరిగొచ్చి, అడుగు పలక మీదికెక్కి బరువంతా వేసి దాన్ని లేపుకుంది. రెస్క్యూ బోటు దగ్గరికి రాబోతే చెయ్యి ఊపి వద్దంది. అన్న ఇదేమీ చూడలేదు. ఫోన్‌లో ఆ మెసేజే మళ్లీ మళ్లీ చదువుకుంటున్నాడు.

మెసేజ్ ఇది: "బాబుగారికి నమస్కారం. కాకినాడలో టగ్గు మీద పని దొరికింది. ఈ నెలాకరికి ఎల్లిపోతాను. తాళాలు మెరీనా ఆఫీసులో ఇస్తాను."

టగ్గంటే పెద్ద ఓడల్ని రేవులో లాగే చిన్న ఓడ. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు, ఇంజనీరింగ్‌లో నాకు రెండేళ్లు సీనియర్. అప్పట్నుంచీ అన్నే. పాతికేళ్ల పైన సాఫ్ట్‌వేర్‌లో చాకిరీ చేసి, మాదాపూర్‌లో ఇల్లు కట్టి, పిల్లలు అమెరికా వెళ్లిపోయాక పడవల మీద పడ్డాడు. తెరచాప పట్టడం ఈ సాగర్ మీదే నేర్చుకున్నాడు. కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు, వేసవిలో వాసనొస్తుంది, ఇక్కడికి సముద్రం సుమారు 300 కిలోమీటర్లు. ఇక్కడ నేర్చుకున్నవాడు నలభై అడుగుల సముద్రపు పడవ కొన్నాడంటే నవ్వు రావచ్చు. మొదట్లో మాకూ వచ్చింది. కానీ ఈ చెరువు మీది గాలిని తక్కువ అంచనా వెయ్యకూడదు. బిల్డింగుల మధ్య నుంచి ఎటు తిరిగి ఎటు కొడుతుందో తెలీదు. వానాకాలంలో దేశం నలుమూలల నుంచీ పోటీలకు ఇక్కడికే వస్తారు.

పడవ కొచ్చి మెరీనాలో, అంటే పడవలు కట్టేసుకునే రేవులో. అన్న మాదాపూర్‌లో. ఉప్పునీళ్లలో ఉన్న పడవను అలా వదిలేస్తే కుదరదు. బ్యాటరీలు చూడాలి, కట్టిన తాళ్లు ఒరుసుకుపోకుండా చూడాలి, అడుగున చేరిన నీళ్లు తోడాలి. అందుకు ఒక మనిషిని పెట్టుకున్నాడు. శ్రీకాకుళం జిల్లా తీరం అతనిది. వెరావల్‌లో ట్రాలర్ల మీద పదిహేనేళ్లు చేసి వచ్చాడు. పడవ నడిపేవాడు కాబట్టి మేమంతా సరంగు అనేవాళ్లం. అన్న మాత్రం "తమ్ముడూ" అనేవాడు, అతను "బాబుగారూ" అని పలికేవాడు. ఆ పిలుపుకు ఇది జవాబు కాదని నాకు చాలాకాలం తట్టలేదు.

అన్న బాధ నిజమైందే, నేను కాదనడం లేదు. కానీ ఆదివారం నుంచీ ఇదే నా బుర్రలో తిరుగుతోంది. అతను వెళ్లిపోవడంలో తప్పేమీ లేదు. తప్పంటూ ఉంటే ఆ తమ్ముడు అన్న పిలుపులోనే ఉంది. పడవ మీద యజమానికీ పనివాడికీ స్నేహం కుదరదని నేననను. జీతం, వంతు, సెలవు, ఎవరి మాట చెల్లాలి అనేవి తేల్చుకోకుండా ముందే చుట్టరికం కలుపుకుంటే మాత్రం ఆ చుట్టరికం ఖర్చంతా ఒక్కడి మీదే పడుతుందంటాను.

మంగళూరు దాటాక

రెండేళ్ల కిందట జనవరిలో నలుగురం కొచ్చి నుంచి గోవాకు బయల్దేరాం. అన్న, వదినగారి తమ్ముడు, సరంగు, నేను. సుమారు 350 నాటికల్ మైళ్లు. గంటకు ఐదు చొప్పున ఆగకుండా వెళ్తే మూడు పగళ్లు, మూడు రాత్రులు. ఆ నెలలో తుపాను భయం ఉండదు. మధ్యాహ్నం నుంచి వాయవ్యపు గాలి సరిగ్గా మొహానికే కొడుతుంది. రాత్రయ్యాక ఒడ్డు వైపు నుంచి మెల్లగా గాలి మొదలవుతుంది, అప్పుడు హాయి. ఆ తీరంలో అలల కంటే వలలకు ఎక్కువ భయపడాలి. దీపం లేని వలబెండ్లు చీకట్లో కనపడవు.

రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పన్నెండు గంటల్ని నలుగురికీ మూడేసి గంటలు పంచి, అన్న ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాడు. వాచ్ అంటారు దీన్ని. మన ఊళ్లలో చేను కావలికి వంతులేసుకున్నట్టే. వంతు ఉన్నవాడు పైన కూర్చుని చుట్టూ చూస్తుంటాడు, పెద్ద ఓడల దీపాలు ఎటు కదులుతున్నాయో కనిపెడుతుంటాడు. మిగతా ముగ్గురూ కింద పడుకుంటారు. వాళ్ల పని నిద్రపోవడం. అది సరిగ్గా చెయ్యకపోతే వాళ్ల వంతులో కునుకు పడుతుంది.

మొదటి రాత్రి నాకు పదకొండు నుంచి రెండు. చక్రం దానంతటదే అటూ ఇటూ కదులుతూ కిర్రుకిర్రుమంటోంది. కన్ననూరు దీపాలు కుడివైపు ఎక్కడో. రెండింటికి పది నిమిషాల ముందు కిందికి దిగి టీ పెట్టి, సరంగు పాదం మీద చెయ్యి వేశాను. పాదం తాకగానే లేచి కూర్చున్నాడు. ఒక్క మాట లేదు. పైకొచ్చి తెరచాప వంక, ఆకాశం వంక, నీళ్ల వంక చూసి "ఎల్లండి బాబూ" అన్నాడు. వెళ్లి పడుకున్నాను. హైదరాబాద్‌లో డబుల్ లాక్ వేసిన ఫ్లాట్‌లో కూడా నాకు అలాంటి నిద్ర పట్టదు. మనం ఇంకా పేరు కూడా సరిగా అడగని మనిషి మెలకువ మీద ఆనుకుని నిద్రపోవడం. పడవ స్నేహం అనేది ఏదైనా ఉంటే అదేననిపించింది.

మర్నాడు సాయంత్రం మంగళూరు దాటాం. ముందు చేపల పడవలు గుంపుగా ఉన్నాయి. చక్రం అన్న చేతిలో ఉంది. మధ్యలోంచి పోతే అరగంట కలిసొస్తుందన్నాడు. సరంగు పక్కనే నిలబడి, "అటేపు వలలుంటాయేమో బాబూ" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. అన్న "చూసి పోదాం తమ్ముడూ" అన్నాడు. పావుగంటలో ఇంజిను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. ప్రొపెల్లర్‌కు నైలాన్ తాడు చుట్టుకుంది.

ఆ రాత్రంతా గాలి మీదే నెమ్మదిగా నడిపాం. తెల్లవారాక సరంగు నడుముకు ఒక తాడు కట్టుకుని, వంటింటి కత్తి మణికట్టుకు బిగించుకుని దిగాడు. నలభై నిమిషాలు. మునగడం, కొయ్యడం, పైకి రావడం, ఊపిరి తీసుకోవడం, మళ్లీ మునగడం. అలకు పడవ వెనకభాగం లేచి అతని తల మీదికే దిగుతోంది. నడుము తాడు కొస నేను పట్టుకున్నాను, అంతకంటే చేసిందేమీ లేదు. పైకొచ్చేసరికి నుదుటి మీద, భుజాల మీద గీతలు గీతలుగా రక్తం. పడవ అడుగున అతుక్కునే గవ్వలు బ్లేడుల్లా ఉంటాయి. అన్న అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇవాళ్టి నుంచి నువ్వు నిజంగానే నా తమ్ముడివిరా" అన్నాడు. ఆ మాటలో ఇసుమంత నాటకం లేదు. పక్కనున్నవాణ్ణి, నేను సాక్షిని.

ఆ రాత్రి ఏమైందో కూడా చెప్పాలి. ఎనిమిదింటికి అన్న వంతు. నడుము పట్టేసిందన్నాడు. "తమ్ముడూ, నువ్వెలాగూ మేలుకునే ఉంటావుగా, కాస్త చూస్తుండు." పదకొండుకు నా వంతు. నాకు సాయంత్రం నుంచీ కడుపులో తిప్పుతోంది. లేచి మెట్ల దాకా వచ్చాను. సరంగు నా మొహం చూసి, "పడుకోండి బాబూ, నేను సూసుకుంటాను" అన్నాడు. నాకప్పుడు సిగ్గు వెయ్యలేదు. అమ్మయ్య అనిపించింది. రెండింటి నుంచి ఎలాగూ అతనిదే. అంటే ఎనిమిది నుంచి ఐదు దాకా, తొమ్మిది గంటలు, పొద్దున నలభై నిమిషాలు నీళ్లలో ఉన్న మనిషి. గోడ మీద కాగితం అలాగే ఉంది, నలుగురి పేర్లతో.

గోవాలో దిగాక అడిగాను, "అంత తెలిసినవాడివి, ఆ రోజు గట్టిగా చెప్పొచ్చుగా?" నవ్వాడు. "పడవ ఆరిది కదండీ" అన్నాడు. ఆరంటే వారు, అంటే అన్న.

(సరంగు నాకంటే ఒకట్రెండేళ్లు పెద్దే ఉంటాడు. నేను "నువ్వు" అనే అన్నాను. ఇప్పుడు రాస్తుంటే కనపడింది.)

మొహమాటం

"పడవ ఆరిది." మంచిది, ఒప్పుకుందాం. అయితే వల ఎక్కడుందో తెలిసినవాడు ఇతను. వాటేసుకోవడం తెల్లారాక జరిగింది. అంతకుముందు సాయంత్రమే "ఈ చక్రం దగ్గర నీ మాటే చెల్లుతుంది" అని ఎవరైనా చెప్పి ఉంటే అతను నీళ్లలోకి దిగాల్సిన పనే ఉండేది కాదు. "ఉంటాయేమో" అన్న ఆ "ఏమో"కి పడిన ఖరీదు అతని నుదుటి మీద చూశాం.

మనలో మొహమాటాన్ని మంచి లక్షణం కిందే లెక్కేస్తాం. "పాపం మొహమాటస్తుడు" అంటే మెచ్చుకోలే. ఒడ్డు మీదైతే మొహమాటానికి పోయి ఓ ముద్ద ఎక్కువ తింటాం, ఇష్టం లేని పెళ్లికి వెళ్తాం, అంతే. పడవ మీద చెప్పాల్సినవాడు చెప్పలేడు, కాదనాల్సినవాడు కాదనలేడు. తమ్ముడిని చేశాక వంతు తప్పితే అడగడం ఇంకా కష్టం. కూలివాడైతే "ఇది నా టైము కాదండీ" అనొచ్చు. తమ్ముడు ఎలా అంటాడు?

యజమానులైన స్నేహితుల మధ్య కూడా ఇదే. నాకు తెలిసిన ముగ్గురు జూబ్లీహిల్స్ మిత్రులు కలిసి ఒక పడవ కొన్నారు. స్నేహితుల మధ్య లెక్కలేంటి అని మొదలుపెట్టారు. పడవ ఖరీదులో ఏటా పదోవంతు దాని మీదే ఖర్చవుతుందని ఈ రంగంలో అందరూ చెప్పే మాట. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలు పదేళ్లకో పన్నెండేళ్లకో మార్చాలి. మార్చే ఏడాది వచ్చింది. ఒకాయన ఇప్పుడే మార్చాలన్నాడు, ఒకాయన వచ్చే ఏడు చూద్దామన్నాడు, మూడో ఆయన ఫోనెత్తడం మానేశాడు. ఇప్పుడు ముగ్గురూ ఒకే పెళ్లిలో మూడు మూలల్లో భోంచేస్తారు.

పాత ఓడల చరిత్రలో ఈ విషయం మీద ఒళ్లు జలదరించే కథ ఒకటుంది. ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ వెంట థామస్ డౌటీ అనే స్నేహితుడున్నాడు. పెద్ద కుటుంబం, చదువుకున్నవాడు, ప్రయాణంలో తానూ సమాన భాగస్వామినే అనుకున్నాడు. డ్రేక్ అలా అనుకోలేదు. ఎవరి మాట చెల్లాలో రేవులోనే తేల్చుకోలేదు. 1578లో దక్షిణ అమెరికా కొసన సాన్ జూలియాన్ అనే రేవులో తిరుగుబాటు నేరం మోపి విచారణ పెట్టి మరణశిక్ష వేశారు. ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకున్నారు, కలిసి భోంచేశారు, ఆ తర్వాత డౌటీ తల నరికారు. దాని తర్వాతే డ్రేక్ తన మనుషులందర్నీ కూర్చోబెట్టి, ఇక మీదట దొరలు కూడా కళాసీలతో కలిసి తాళ్లు లాగాల్సిందేనని చెప్పాడు. ఆ మాట ఏడాది ముందే చెప్పి ఉంటే డౌటీ తాడు లాగేవాడో, రేవులోనే దిగిపోయేవాడో. ఏదైనా తల మిగిలేది.

కాగితం మీద పది గంటలు

ఇదంతా అన్నకు చెప్పలేదు. కొంత చెప్పబోయాను. "నెలకెంత ఇచ్చేవాడివి?" అని అడిగాను. "వాడికేం తక్కువ చేశాన్రా" అన్నాడు. అంకె చెప్పలేదు. చెప్పిందల్లా ఇది: సరంగు కూతురి ఇంజనీరింగ్ ఫీజుకు రెండు లక్షలిచ్చాడు, తిరిగి అడగలేదు. అతనికి కంట్లో పొర వస్తే మాదాపూర్ ఇంట్లో పది రోజులుంచుకుని ఆపరేషన్ చేయించాడు. వదిన స్వయంగా కంట్లో చుక్కలు వేసింది. "ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాసుకుని చేసే పనులా?" అన్నాడు.

నిజంగా దానికి నా దగ్గర జవాబు లేదు. రాసుకుని చేసే పనులు కావు. కాగితం మీదే నడిచే పడవల్లో వదినలు కంటిచుక్కలు వెయ్యరు.

మా చిన్నాన్న మనవరాలు ఒకతి హోటల్ మేనేజ్‌మెంట్ చదివి రెండు సీజన్లు మధ్యధరా సముద్రంలో ఒక పెద్ద చార్టర్ యాట్ మీద పని చేసింది. దానికి అన్నీ కాగితం మీదే. సముద్ర కార్మికుల ఒప్పందం ఒకటుంది, 2006లో కుదిరింది, 2015లో మన దేశం కూడా ఒప్పుకుంది. దాని ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో కనీసం పది గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. జీతం, సెలవు, ఇంటికి టికెట్ అన్నీ ముందే రాయాలి. ఇదంతా అద్దెకు తిరిగే పడవలకు. అన్న పడవలాగా సొంత సరదాకు తిప్పుకునేవాటికి అది వర్తించదు.

ఆ పిల్ల వచ్చినప్పుడు గొప్పగా అడిగాను, అన్నీ పద్ధతిగా ఉంటాయట కదా అని. "బాబాయ్, రాసేది పది గంటలు, పడుకునేది ఆరు" అంది. గెస్టులు ఉన్న వారంలో విశ్రాంతి గంటలు రాసే పుస్తకం నింపడం కూడా ఒక పనేనట. యజమాని భార్యకు దీని పేరు రెండు సీజన్లూ నోరు తిరగలేదు. మరి స్నేహాలు? ఉన్నాయంది. పై మంచం, కింద మంచం పంచుకున్న ఫిలిప్పీన్స్ అమ్మాయితో. ఆ గది మా స్టోర్‌రూమ్ కంటే చిన్నదట. ఒకరు బట్టలు మార్చుకోవాలంటే ఇంకొకరు మంచం ఎక్కాలి. ఇప్పటికీ రోజూ మాట్లాడుకుంటారు. "యజమానితో స్నేహం నాకెందుకు బాబాయ్, టైముకు జీతం పడేది, టైముకు దింపేవాడు" అంది. ఈ పిల్ల మాటలో ఎక్కడా గాయం లేదు. సరంగు మెసేజ్‌లో ఉంది. "బాబుగారికి నమస్కారం" అని మొదలుపెట్టాడు చూడండి, నాలుగేళ్ల తర్వాత.

కాబట్టి కాగితం మనిషిని కాపాడేస్తుందని నేనేమీ వాదించను. అబద్ధం రాసిన పుస్తకం చేతిలో ఉంటే కనీసం అబద్ధమని చూపించొచ్చు. మా పడవ గోడ మీద ఉన్న కాగితమూ అబద్ధమే, కానీ దాన్ని ఎవరికి చూపించాలి?

తారిణి సంగతేంటి మరి

ఈ వాదన వినిపిస్తే సెయిలింగ్ నేర్చుకున్న ఇంకో మిత్రుడు ఒప్పుకోలేదు. నేవీ వాళ్ల తెరచాప పడవ తారిణి మీద ఆరుగురు అమ్మాయిలు 254 రోజులు ప్రపంచమంతా చుట్టొచ్చారు, స్నేహం లేకుండానే జరిగిందా అన్నాడు. మంచి ప్రశ్నే. 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి, 2018 జనవరిలో కేప్ హార్న్ దాటి, మే నెలలో తిరిగొచ్చారు. యాభై అయిదు అడుగుల పడవ. ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లే, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ నుంచి స్వాతి. మా క్లబ్బు కుర్రాళ్లు ఆ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు.

అయితే ఆ పడవకు, అన్న పడవకు తేడా ఒక్కసారి చూడండి. ఆరుగురూ నేవీ అధికారులు. స్కిప్పర్ వర్తికా జోషి, బయల్దేరకముందే తెలుసు. ఏళ్ల తరబడి కలిసి శిక్షణ తీసుకున్నారు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పడవ వాళ్లెవ్వరిదీ కాదు. "పడవ ఆరిది కదండీ" అనడానికి అక్కడ "ఆరు" లేరు. వంతు తప్పితే ఎవరు ఎవర్నైనా అడగొచ్చు. ఆ అడగ్గలగడం ఉన్నచోట స్నేహం దానంతటదే వస్తుందనుకుంటాను. రాకపోయినా పడవ నడుస్తుంది.

2018లోనే ఇంకో సంగతి జరిగింది. ఒంటరిగా ప్రపంచం చుట్టే పోటీలో మన నేవీ అధికారి అభిలాష్ టోమీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు స్తంభం విరిగి, ఆయన వెన్ను దెబ్బతిని కదల్లేకుండా పడిపోయారు. పోటీలో ఉన్న ఐర్లండ్ నావికుడు గ్రెగర్ మెగకిన్ పడవ స్తంభం కూడా అదే తుపానులో విరిగింది. ఆయన ఉన్న కర్రలతోనే ఏదో చిన్న తెరచాప కట్టుకుని టోమీ వైపే బయల్దేరారు. చివరికి ఒక ఫ్రెంచి నౌక వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లింది. పోటీలో ఎదుటివాడి కోసం అలా బయల్దేరడానికి అన్నదమ్ములు కానక్కర్లేకపోయింది. సముద్రం మీద వెళ్లాలంతే, అది రివాజు. నేను వంతు వంతు అని గోల పెట్టేది అందుకే. ఇష్టాయిష్టాలతో పని లేకుండా చెయ్యాల్సింది ఏదో ముందే తెలిసి ఉండటంలో ఒక భరోసా ఉంది.

ఏరు దాటాక

మనకు పడవ సామెత అంటే ముందు గుర్తొచ్చేది ఇదే: ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. దాన్ని కృతఘ్నుల మీద చెప్పుకుంటాం. నాకిప్పుడు ఇంకోలా వినపడుతోంది. ఓడ మల్లయ్య అని గౌరవంగా పిలుస్తున్నప్పుడు కూడా కూలి ఎంతో ఎవరూ మాట్లాడలేదు. రాముడి చుట్టూ అల్లుకున్న కథల్లో కూడా గుహుడు గంగ దాటించాడనీ రాముడు కౌగిలించుకున్నాడనీ కళ్లు తుడుచుకుంటూ చెప్పుకుంటాం. రేవు కూలి ఊసెత్తితే అపచారంలా ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా "ఇంట్లో మనిషే". పాలమూరు. పిల్లల పుట్టినరోజులకు కేకు ముక్క ముందు అతనికే వెళ్తుంది. పోయిన సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తానంటే గ్రూపులో నలభై మెసేజులు పడ్డాయి. "మనం ఇంత చూసుకుంటుంటే" అని ఒకాయన రాశారు. నేను అందులో ఏమీ రాయలేదు. థంబ్స్ అప్ పెట్టినట్టు గుర్తు, ఏ మెసేజ్‌కో గుర్తు లేదు.

గోవా ప్రయాణంలోది ఒక చిన్న విషయం మిగిలిపోయింది. పడవ వంటమూలలో ఆరు కొక్కేలు, ఆరు మగ్గులు. నీళ్లు ఆదా చెయ్యడానికి ఎవరి మగ్గు వాళ్లదే, పోయే దాకా అదే. పిడికి రంగు టేపులు అన్న స్వయంగా చుట్టాడు. నాది ఆకుపచ్చ, సరంగుది ఎరుపు. రెండో రోజు చూస్తే ఎరుపు టేపు మగ్గు కొక్కేనికి లేదు. సింకు కింద, సబ్బు డబ్బా వెనక బోర్లించి ఉంది. అన్న చూసి నొచ్చుకున్నాడు. తీసి కొక్కేనికి తగిలించి, "ఏంటి తమ్ముడూ ఇది" అన్నాడు. సాయంత్రానికి మళ్లీ సింకు కిందే ఉంది. ఎవరూ పెట్టమనలేదు, అతనే పెట్టుకున్నాడు. దీని మీద నేను చాలా ఆలోచించాను గానీ ఏదో ఒక్క అర్థం చెప్పడానికి ధైర్యం చాలడం లేదు. అలవాటు కావచ్చు. తనకు తానుగా గీసుకున్న గీత కూడా కావచ్చు, ఇంతకంటే దగ్గరికి రాను, నన్ను రమ్మనకండి అని.

బుధవారం రాత్రి సరంగుకు ఫోన్ చేశాను. టగ్గు ఇంజిను చప్పుడులో సరిగా వినపడలేదు. ఆరు గంటలు డ్యూటీ, ఆరు గంటలు రెస్టు అన్నాడు. తిండి బాగోలేదట, మాస్టరు నోటి దురుసు మనిషట. అక్కడ బాగుందని ఒక్క మాట అనలేదు. "బాబుగారు బీపీ మాత్తర్లు ఏసుకుంటన్నారా?" అని అడిగాడు. వేసుకుంటున్నాడన్నాను. తర్వాత పడవ సంగతి ఎత్తాడు. వెనక క్యాబిన్ కింద నీళ్ల వాల్వు ఒకటి కొద్దిగా కారుతోందట, వానలు ముదరకముందే మార్పించమనండి, లేకపోతే బ్యాటరీల దాకా వస్తాది అన్నాడు. "మీరే ఒకసారి ఫోన్ చేసి చెప్పకూడదా" అన్నాను. కాసేపు ఇంజిను చప్పుడే వినపడింది. "టైమయిపోనాదండీ, ఎక్కాలి" అని పెట్టేశాడు. అతను నా ఫోన్ ముందు పెట్టెయ్యడం అదే మొదటిసారి.

అన్నకు చెప్పాను, వాల్వు కారుతోందట అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కొచ్చిలో ఎవరికి ఫోన్ చెయ్యాలో తనలో తనే అనుకున్నాడు. అప్పుడు అడిగాడు, "అక్కడ ఎంతిస్తున్నారంట?"

తెలీదన్నాను. నేనూ అడగలేదు.